జోస్యం ఫలించింది, వాదన మిగిలింది: మడగాస్కర్ పొడుగు తొండం చిమ్మట

ఒక పువ్వును చూసి, దాని దగ్గరికి వచ్చే పురుగు ఎలా ఉండాలో డార్విన్ ముందే చెప్పాడనీ, నలభై ఏళ్ళ తర్వాత అచ్చం అలాంటి పురుగే దొరికిందనీ జీవశాస్త్రం చదివినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. పరిణామ సిద్ధాంతానికి రుజువు చూపించమంటే చాలామంది ముందుగా చెప్పే కథల్లో ఇదొకటి. కథలో అబద్ధం లేదు. కాకపోతే వేర్వేరు ప్రశ్నలు ఇందులో ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయాయి. అలాంటి పురుగు ఉందా అన్నది ఒకటి. ఉంటే, ఆ పువ్వుకు పరాగ సంపర్కం చేసేది అదేనా అన్నది ఇంకొకటి. ఆ పువ్వు గొట్టం, ఆ పురుగు తొండం అంత పొడుగు ఎందుకయ్యాయన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. మొదటిదానికి 1903లో, రెండోదానికి 1992లో జవాబు దొరికింది. మూడోదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మనం వినే కథలో మాత్రం పురుగు దొరకగానే అన్నీ ఒక్కసారే తేలిపోయినట్టు ఉంటుంది.

ముందు ఆ పురుగు సంగతి చూద్దాం. దాని శాస్త్రీయ నామం జాంథోపాన్ ప్రెడిక్టా. మడగాస్కర్ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. హాక్‌మాత్ కుటుంబానికి చెందిన చిమ్మట ఇది. ఈ కుటుంబం మనకేమీ కొత్త కాదు. పెరట్లో నందివర్ధనం కొమ్మలు ఉన్నట్టుండి ఆకుల్లేక బోసిపోతే, వెతికితే లావుపాటి ఆకుపచ్చ పురుగొకటి కనిపిస్తుంది చూడండి, వెనక చివర చిన్న కొమ్ముతో. అది హాక్‌మాత్ పిల్లే. నువ్వు చేలల్లో ఆకులు తినే కొమ్ము ఉన్న పెద్ద పురుగూ ఈ కుటుంబంలోదే. అవి మట్టిలోకి దిగి ప్యూపాగా మారి, రెక్కలతో బయటికొచ్చాక పువ్వు ముందు గాల్లోనే నిలబడి తేనె తాగుతాయి. సాయంత్రం పూట వీటిని చూసి హమ్మింగ్‌బర్డ్ అనుకుని వీడియో తీసి పెట్టేవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండవు. అంచేత ఇక్కడ అలా కనిపించింది చాలాసార్లు హాక్‌మాతే అయి ఉంటుంది.

మడగాస్కర్ చిమ్మట ఒంటిమీద గోధుమ, బూడిద రంగుల గీతలుంటాయి. చెట్టు బెరడు మీద కూర్చుంటే కనిపెట్టడం కష్టం. దీని బంధువుల గొంగళి పురుగులు సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్ల ఆకులు తిని పెరుగుతాయి. ఇంతవరకు విశేషమేమీ లేదు. విశేషమంతా తొండంలో ఉంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న ఒక నమూనా తొండాన్ని కొలిస్తే 28.5 సెంటీమీటర్లు తేలింది, స్కూలు పిల్లల అడుగు స్కేలుకు ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువ. ఇప్పటిదాకా కొలిచిన కీటకాల తొండాల్లో ఇదే పొడుగు. పురుగు ఒళ్ళు మాత్రం ఇందులో మూడో వంతు కూడా ఉండదు.

అంత తొండాన్ని మోస్తూ ఎలా ఎగురుతుందని అనుమానం రావచ్చు. ఎగిరేటప్పుడు దాన్ని తల కింద చుట్ట చుట్టి పెట్టుకుంటుంది. తొండం నిజానికి రెండు సగాలు. ఒక్కోదానికి లోపలివైపు ఒక గాడి ఉంటుంది. ప్యూపా నుంచి బయటపడగానే పురుగు ఆ రెండిటినీ అంచుల వెంట కలుపుకుంటుంది, అప్పుడు మధ్యలో తేనె వచ్చే దారి ఏర్పడుతుంది. తాగాల్సి వచ్చినప్పుడు తొండంలోకి ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో పంపి చాచుతుంది. లోపలి చిన్న కండరాలు దాన్ని మళ్ళీ చుడతాయి. తేనెను పైకి లాగే పంపు తలలో ఉంటుంది. దారి ఎంత సన్నగా, పొడుగ్గా ఉంటే లాగడం అంత కష్టం. తేనె చిక్కబడితే మరీ కష్టం. కాబట్టి పొడుగు తొండం ఊరికే వచ్చిన వరమేమీ కాదు, దానికి పురుగు శ్రమ రూపంలో ధర చెల్లిస్తోంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత వాదనలో అవసరం పడుతుంది.

ఇక పువ్వు. ఆంగ్రేకమ్ సెస్క్విపెడేల్ అనే ఆర్కిడ్ మడగాస్కర్ తూర్పు తీరపు పల్లపు అడవుల్లో చెట్ల కొమ్మల మీదా, రాళ్ళ మీదా పెరుగుతుంది. నక్షత్రం ఆకారంలో మైనంతో చేసినట్టుండే తెల్లని పువ్వు, రాత్రయితే ఘాటుగా వాసన వేస్తుంది. తెలుపు, రాత్రి వాసన, సన్నటి పొడుగు గొట్టం, ఈ మూడూ ఒకచోట ఉంటే అది చీకట్లో తిరిగే చిమ్మటల కోసం తయారైన పువ్వని దాదాపు చెప్పేయొచ్చు. మన వీధుల్లో రాలే ఆకాశమల్లె కూడా ఆ బాపతే. ఆంగ్రేకమ్ పువ్వు వెనక నుంచి ఒక ఆకుపచ్చ గొట్టం వేలాడుతుంది. దాని అడుగున తేనె ఉంటుంది.

1862 జనవరిలో జేమ్స్ బేట్‌మన్ అనే ఆర్కిడ్‌ల పెంపకందారు డార్విన్‌కు ఈ పూలు ఒక పెట్టెలో పంపాడు. డార్విన్ కొలిచిన గొట్టాలు పదకొండున్నర అంగుళాలు, అంటే 29 సెంటీమీటర్లు. తేనె చివరి ఒకటిన్నర అంగుళంలోనే ఉంది. దీన్ని తాగే పురుగు ఏమై ఉంటుందా అని అతను ఆశ్చర్యపోతూ స్నేహితుడు, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్‌కు రాశాడు. ఆర్కిడ్‌ల పరాగ సంపర్కం మీద ఆ ఏడాదే వచ్చిన పుస్తకంలో తన అంచనా చెప్పాడు: పది, పదకొండు అంగుళాల దాకా తొండం చాచగల చిమ్మటలు మడగాస్కర్‌లో ఉండి తీరాలి.

ఇక్కడ చాలామంది దాటేసే ఒక చిన్న ప్రయోగం ఉంది. డార్విన్ చేసింది పొడవులు కొలవడం ఒక్కటే కాదు, పువ్వు ఎలా పనిచేస్తుందో తన చేత్తో చేసి చూశాడు. ఆర్కిడ్‌లలో పుప్పొడి పొడిలా రాలదు, జిగురు బిళ్ళకు అంటుకున్న ముద్దలుగా ఉంటుంది. సూదులు, వెంట్రుకల్లాంటివి గొట్టంలోకి దించి తీస్తే ముద్దలు రాలేదు. అంగుళంలో పదో వంతు మందం ఉన్న కడ్డీని గొట్టం నోటి దగ్గరి చీలికలోంచి నెట్టి బయటికి లాగితే వచ్చాయి. అంటే పురుగు తొండం కొన సంగతి పువ్వుకు అనవసరం. తొండం మొదట్లో, తల దగ్గర ఉండే లావుపాటి భాగం లోపలికి దూరితేనే పుప్పొడి అంటుకుంటుంది. అడుగున ఉన్న చివరి చుక్క కోసం పురుగు తల పెట్టి నెట్టినప్పుడే అది జరుగుతుంది. డార్విన్ మిగతా వాదనంతా ఈ ప్రయోగం మీదే నిలబడింది.

జోస్యాన్ని కొందరు కీటక శాస్త్రజ్ఞులు ఎగతాళి చేశారు. ఆ సంగతి డార్వినే తన పుస్తకం రెండో కూర్పులో రాసుకున్నాడు. ఎగతాళి కంటే గట్టి జవాబు 1867లో వచ్చింది. ఆర్గైల్ డ్యూక్ జార్జ్ క్యాంప్‌బెల్ ఆర్కిడ్‌ల లాంటి చిక్కైన నిర్మాణాలు సృష్టికర్త ఉద్దేశంతో చేసినవే అయి ఉండాలని వాదించాడు. ప్రకృతి వరణాన్ని డార్విన్‌తో పాటు కనుక్కున్న ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అదే ఏడాది దీనికి బదులు రాశాడు. అసలైన కథ ఇక్కడే మొదలవుతుందని నా లెక్క, ఎందుకంటే డార్విన్ సూచనగా చెప్పిన దాన్ని మెట్టు మెట్టుగా విడమరిచింది వాలెస్సే.

అతను బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళి చిమ్మటల తొండాలు కొలిచాడు. దక్షిణ అమెరికా జాతి ఒకదానికి తొమ్మిదింపావు అంగుళాలుంది. ఆఫ్రికాకు చెందిన మోర్గానై అనే జాతికి ఏడున్నర అంగుళాలుంది. ఇంకో రెండు మూడు అంగుళాలు పొడుగున్నది ఉంటే మడగాస్కర్ పువ్వుకు సరిపోతుంది. నెప్ట్యూన్ గ్రహం కోసం ఖగోళ శాస్త్రజ్ఞులు ఎంత నమ్మకంతో వెతికారో, ఆ దీవికి వెళ్ళే ప్రకృతి శాస్త్రజ్ఞులు ఈ చిమ్మట కోసం అంత నమ్మకంతో వెతకొచ్చని రాశాడు. 1846లో నెప్ట్యూన్ ముందుగా కాగితం మీద లెక్కల్లోనే దొరికింది కదా. వ్యాసంతో పాటు ఆ ఊహా చిమ్మట పువ్వు దగ్గరికి వస్తున్న బొమ్మ కూడా అచ్చయింది, అంతవరకు దాన్ని చూసినవాళ్ళు లేకపోయినా.

తర్వాత వేగంగా చెప్పుకోవచ్చు. 1873లో జర్మనీలోని హెర్మన్ మ్యూలర్, బ్రెజిల్‌లో ఉన్న తన అన్న ఫ్రిట్జ్ పంపిన చిమ్మటకు పది, పదకొండు అంగుళాల తొండం ఉందని ప్రకటించాడు. మడగాస్కర్‌లో కాకపోయినా, ప్రపంచంలో అంత తొండం అసాధ్యం కాదని తేలింది. 1882లో డార్విన్ చనిపోయాడు. 1903లో వాల్టర్ రాత్స్‌చైల్డ్, కార్ల్ జోర్డన్ హాక్‌మాత్‌లన్నిటి మీదా తెచ్చిన పెద్ద గ్రంథంలో మడగాస్కర్ చిమ్మటను వర్ణించారు. అది వాలెస్ కొలిచిన మోర్గానైకి దగ్గరి బంధువు. ముందే చెప్పిన పురుగన్న అర్థంలో ప్రెడిక్టా అని పేరు పెట్టారు. ఆ సందర్భంలో వాళ్ళు తలచుకున్నది వాలెస్‌ను. వాలెస్ అప్పటికి బతికే ఉన్నాడు, 1913 దాకా ఉన్నాడు. జోస్యం డార్విన్ పేరున చలామణీ అవుతోంది గానీ, అది ఫలించడం చూసినవాడు వాలెస్.

పురుగైతే దొరికింది. కానీ అది ఆ పువ్వు దగ్గరికి వెళ్తుందని చూసినవాళ్ళు అప్పటికి లేరు. తొండం పొడవు, గొట్టం పొడవు సరిపోతున్నాయి కాబట్టి ఇవి జంటే అనుకోవడం ఊహ మాత్రమే. అడవిలో రాత్రిపూట, చెట్టు కొమ్మ మీద పూసే పువ్వు దగ్గర, ఎప్పుడొస్తుందో తెలియని చిమ్మట కోసం కాపలా కాయడం మాటలు కాదు. 1992లో జర్మన్ శాస్త్రవేత్త లుట్స్ వాసర్‌తాల్ ఈ చిమ్మట ఆంగ్రేకమ్‌లో తొండం పెట్టి తాగడాన్నీ, పుప్పొడి ముద్దల్ని మోసుకెళ్ళడాన్నీ గమనించి ఫొటోలు తీశాడు. డార్విన్ మాట అన్న 130 ఏళ్ళకు. 2004లో అమెరికా కీటక శాస్త్రవేత్త ఫిలిప్ డెవ్రీస్ చీకట్లో పనిచేసే కెమెరాతో అడవిలోనే దీన్ని వీడియో తీశాడు. రెండో ప్రశ్న అలా ముగిసింది.

చిక్కంతా మూడోదానితోనే.

ఒకసారి ఆర్గైల్ డ్యూక్ వైపు నుంచి ఆలోచించండి. పువ్వును దేవుడు చేశాడని నమ్మేవాళ్ళు కూడా దానికి తగ్గ పురుగును కూడా ఆయన చేసే ఉంటాడని ఊహించగలరు. అంటే చిమ్మట దొరకడం రెండు పక్షాలకూ సరిపోయే విషయమే. గొట్టం ఉంది కాబట్టి తొండం ఉంటుందన్న జోస్యం, పువ్వు ఊరికే తేనె దాచుకోదన్న ఇంగితం నుంచి వస్తుంది. దానికి పరిణామ సిద్ధాంతం తప్పనిసరి కాదు. పరిణామానికి ప్రత్యేకంగా చెందిన వాదన ఇంకొకటి ఉంది: ఇంత పొడవు ఒక్కసారిగా రాలేదు, పువ్వూ పురుగూ ఒకదాన్నొకటి తరతరాలుగా పొడిగించుకుంటూ వచ్చాయి. దీన్నే సహపరిణామం అంటున్నాం. దీనికి రుజువు పురుగును పట్టుకోవడంతో దొరకదు.

ఆ వాదన ఇలా సాగుతుంది. ఒక అడవిలో కొన్ని పూల గొట్టాలు పురుగు తొండం కంటే కాస్త పొట్టి, కొన్ని కాస్త పొడుగు అనుకుందాం. పొట్టి గొట్టంలో పురుగు తొండం సగం చాచి హాయిగా తాగి వెళ్ళిపోతుంది. తల పువ్వుకు తగలదు, పుప్పొడి అంటుకోదు. పొడుగు గొట్టమైతే అడుగు అందుకోవడానికి తల పెట్టి నెట్టాల్సిందే, అప్పుడు పుప్పొడి పట్టుకెళ్తుంది. డార్విన్ కడ్డీతో చూసింది ఇదే. కాబట్టి పొడుగు గొట్టం పూలకే ఎక్కువ గింజలు. తరాలు గడిచేకొద్దీ అడవిలో గొట్టాల సగటు పొడవు పెరుగుతుంది. ఇప్పుడు పొట్టి తొండం చిమ్మటలకు తేనె అందదు, పొడుగువాటికి కడుపు నిండుతుంది. తొండాల సగటు పెరుగుతుంది. మళ్ళీ గొట్టాల వంతు. తొండం మోయడానికీ, తేనె లాగడానికీ అయ్యే శ్రమ అందిన తేనె విలువను దాటిపోయే దాకా ఈ పోటీ ఆగదు.

వినడానికి బాగుంది. నిజంగా జరుగుతుందా? 1988లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త అండర్స్ నిల్సన్ ఇందులో ఒక సగాన్ని పరీక్షించాడు. చిమ్మటలు పరాగ సంపర్కం చేసే ఒక యూరప్ ఆర్కిడ్ గొట్టాలను కృత్రిమంగా పొట్టి చేసి చూస్తే, పుప్పొడి వెళ్ళడం, చేరడం రెండూ తగ్గాయి. అంటే పువ్వు గొట్టం పొడుగు కావడానికి కారణం ఉంది. కానీ ఇది పువ్వు వైపు సగమే. పురుగు తొండం పెరగడానికి ఆ పువ్వే కారణమన్న రెండో సగం ఈ ప్రయోగంలో లేదు.

వాసర్‌తాల్ పట్టుకున్నది సరిగ్గా ఆ రెండో సగాన్ని. మడగాస్కర్‌లో ఏళ్ళ తరబడి చిమ్మటలను గమనించి, 1997లో పూర్తిగా వేరే కథ చెప్పాడు. పూల మీద సాలీళ్ళు పొంచి ఉంటాయి. పువ్వుకు దగ్గరగా నిలబడి తాగే చిమ్మట వాటి నోట పడుతుంది. తొండం పొడుగున్న చిమ్మట దూరంగా నిలబడి, అటూ ఇటూ ఊగుతూ తాగగలదు. అంటే తొండం పొడుగైంది ప్రాణభయంతో, తేనె కోసం పోటీ పడి కాదు. అప్పటికే పొడుగైపోయిన తొండాలను వాడుకోవడానికి ఆర్కిడ్‌లు తర్వాత తమ గొట్టాలను మార్చుకున్నాయి. పొట్టి తొండం పురుగు మీద ఆధారపడిన ఒక ఆర్కిడ్ పొడుగు తొండం పురుగుకు మారినప్పుడల్లా గొట్టం ఒక పెద్ద అంగ వేస్తుంది. ఈ కథలో పువ్వు పురుగు వెంట పడుతోంది, పురుగు మాత్రం పువ్వును పట్టించుకోవడం లేదు.

నిల్సన్ దీన్ని ఒప్పుకోలేదు. పొడుగు పూలే పొడుగు తొండాలకు కారణమని పట్టుబట్టి తిరిగి రాశాడు. సాలీడు వాదనలో నాకు కనిపించే ఇబ్బంది ఒకటుంది. సాలీడు నుంచి తప్పించుకోవడానికి నాలుగైదు అంగుళాల దూరం చాలదా, పదకొండు అంగుళాలు ఎందుకు? పైగా ఆంగ్రేకమ్ దగ్గర చిమ్మట చివరికి తల పెట్టి నెట్టాల్సిందే, అప్పుడు దూరం ఎక్కడిది? అయితే పువ్వు దగ్గరే ప్రమాదం కాచుకుని ఉంటుందన్న పరిశీలనను కొట్టిపారేయడానికీ లేదు.

వాసర్‌తాల్‌కు అనుకూలంగా ఇంకో విషయం ఉంది, అది ఎక్కువ బరువైనదని నా అభిప్రాయం. ఈ జంట సమానమైన జంట కాదు. ఆంగ్రేకమ్‌కు ఈ చిమ్మట లేకపోతే గింజ లేదు. చిమ్మటకు ఆంగ్రేకమ్ లేకపోతే బతుకు లేదా? తూర్పు తీరంలో ఏడాదిలో కొన్ని నెలలే పూసే ఒక్క పువ్వు మీద ఏ పురుగూ బతకలేదు. పొడుగు తొండం పొట్టి పూలకు అడ్డం కాదు కూడా. మడగాస్కర్‌లో పొడుగు గొట్టాల పూలు ఇంకా ఉన్నాయి. కొన్ని బావోబాబ్ చెట్లు సైతం పొడుగు తొండం హాక్‌మాత్‌ల కోసమే రాత్రి పూస్తాయి. నిజానికి డార్విన్ కూడా ఈ తేడా గమనించాడు. చిమ్మటలు అంతరిస్తే ఆంగ్రేకమ్ తప్పక అంతరిస్తుందన్నాడు, ఆంగ్రేకమ్ పోతే చిమ్మటలకు పెద్ద నష్టం కావచ్చని మాత్రమే అన్నాడు. ఆ వాక్యాల బరువులో ఉన్న తేడా ఆ తర్వాత కథ చెప్పిన చాలామంది చేతుల్లో పోయింది.

అలాగని సహపరిణామం అబద్ధమని తేలిపోలేదు. ఒక చిమ్మటకూ ఒక పువ్వుకూ మధ్య ముఖాముఖి పోటీ కాకుండా, ఆ ప్రాంతంలోని పొడుగు పూలన్నీ కలిసి చిమ్మటల మీద, చిమ్మటలన్నీ కలిసి పూల మీద ఒత్తిడి తెచ్చి ఉండొచ్చు. అలా చూస్తే తొండం పెరగడానికి ఆంగ్రేకమ్ ఒక్కటే కారణం కానక్కర్లేదు, అది చాలా పూలల్లో ఒకటైతే చాలు.

వేరే ఖండం నుంచి ఇంకో ఆధారం వచ్చింది. ఉత్తర అమెరికాలో కొలంబైన్ అనే పూల జాతులకు గొట్టాలుంటాయి. జస్టెన్ విటాల్, స్కాట్ హాడ్జెస్ వాటి వంశవృక్షం గీసి 2007లో చూపించిందేమిటంటే, గొట్టాలు నెమ్మదిగా ఏకధాటిగా పెరగలేదు. బంబుల్‌బీ నుంచి హమ్మింగ్‌బర్డ్‌కు, హమ్మింగ్‌బర్డ్ నుంచి హాక్‌మాత్‌కు మారినప్పుడల్లా గభాల్న పొడుగయ్యాయి. అంటే వాసర్‌తాల్ చెప్పినట్టు. కానీ కొలంబైన్‌లలో నిజమైంది మడగాస్కర్ ఆర్కిడ్‌లలోనూ నిజం కావాలన్న రూలేమీ లేదు.

మరి కాలం లెక్క వేస్తే? పువ్వూ పురుగూ కలిసి మారి ఉంటే వాటి వయసులు కలవాలి కదా. నెట్జ్, రెన్నర్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో డీఎన్ఏ తేడాల ఆధారంగా ఆ లెక్క వేశారు. మడగాస్కర్ చిమ్మట వంశం విడిపోయింది సుమారు 74 లక్షల ఏళ్ళ కింద, 28 లక్షలు అటూ ఇటూ. ఆంగ్రేకమ్ సెస్క్విపెడేల్ తన తోబుట్టువు లాంటి సొరోరియమ్ నుంచి విడిపోయింది 75 లక్షల ఏళ్ళ కింద, 52 లక్షలు అటూ ఇటూ. పైపైన చూస్తే ఇంత చక్కగా కలిసినవి ఇంకోటి ఉండవు. కానీ ఆ అటూ ఇటూల పరిధి చూడండి. పువ్వు లెక్కలో 23 లక్షల నుంచి కోటీ 27 లక్షల దాకా ఏదైనా కావచ్చు. ఇంకా ముఖ్యంగా, సొరోరియమ్‌కూ చాలా పొడుగు గొట్టమే ఉంది, దాని దగ్గరికి వచ్చేది సీలోనియా సోలానై అనే మరో హాక్‌మాత్. తోబుట్టువులు రెండిటికీ పొడుగు గొట్టాలున్నాయంటే, అవి విడిపోకముందే, ఉమ్మడి పూర్వీకురాలికే గొట్టం పొడుగై ఉండాలి. చిమ్మట సంగతీ అంతే. వాలెస్ కొలిచిన ఆఫ్రికా బంధువుకు, ఈ ఆర్కిడ్ లేని చోటే, ఏడున్నర అంగుళాల తొండం ఉంది. కాబట్టి పోటీ జరిగి ఉంటే దాని మొదలు ఈ పువ్వు కంటే, ఈ పురుగు కంటే పాతది. మనం చూస్తున్నది చివరి కొన్ని అంగుళాల కథ.

ఈ వయసులు ఇంకో అపోహను కూడా తొలగిస్తాయి. మడగాస్కర్ జీవుల గురించి మాట్లాడితే వెంటనే ఖండాలు విడిపోవడం గుర్తొస్తుంది. ఆ దీవి ఆఫ్రికా నుంచి సుమారు 16 కోట్ల ఏళ్ళ కింద విడిపోయింది. అప్పుడు దానికి అతుక్కునే ఉన్నది మన భారత భూభాగం, సుమారు 8.8 కోట్ల ఏళ్ళ కింద ఆ రెండూ కూడా విడిపోయి మనం ఉత్తరానికి జరుగుతూ వచ్చాం. కానీ ఈ చిమ్మట వంశం విడిపోయింది లక్షల ఏళ్ళ లెక్కలోనే. కోట్ల ఏళ్ళ కింద విడిపోయిన నేలతో అది వచ్చే అవకాశమే లేదు. మొజాంబిక్ జలసంధి అతి ఇరుకైన చోట కూడా 400 కిలోమీటర్లుంటుంది. దాని పూర్వీకులు అది దాటే వచ్చి ఉండాలి. హాక్‌మాత్‌లు గట్టిగా ఎగిరే జీవులు, గాలి కలిసొస్తే అసాధ్యమేమీ కాదు. వచ్చిన తర్వాత సముద్రం అడ్డం వల్ల ఆఫ్రికా బంధువులతో కలయిక తగ్గి వేరుపడ్డాయి.

ఎంత వేరుపడ్డాయన్నదే 2021 వరకు తేలని సంగతి. 1903లో రాత్స్‌చైల్డ్, జోర్డన్ దీన్ని ఆఫ్రికా జాతికి ఉపజాతిగా మాత్రమే లెక్కగట్టారు. 118 ఏళ్ళ తర్వాత జోయెల్ మినే, డేవిడ్ లీస్ తదితరులు డీఎన్ఏనూ, రెక్కలు, తొండం, మర్మాంగాల ఆకారాన్నీ పోల్చి చూసి ఇది పూర్తిగా వేరే జాతి అన్నారు. పోల్చిన కీలక జన్యువులో తేడా 7.8 శాతం దాకా ఉంది. చిమ్మటల్లో ఆ జన్యువులో రెండు మూడు శాతం తేడా కనిపిస్తేనే ఇవి వేర్వేరు జాతులేమో అని అనుమానించడం మామూలు. ఒంటి కిందివైపు రంగులోనూ తేడా ఉంది, మడగాస్కర్ దానికి గులాబీ ఛాయ. అలా ఈ చిమ్మట అధికారికంగా ఒకే ఒక్క దేశానికి చెందిన జాతి అయింది. పరిరక్షణలో దీనికి విలువుంది. ఉపజాతి పోతే బంధువులు ఇంకెక్కడో ఉన్నారని సర్దిచెప్పుకుంటారు, జాతికి ఆ సాకు కుదరదు.

సాకులకు సమయం కూడా లేదు. 1953 నుంచి 2014 మధ్య మడగాస్కర్ తన సహజ అడవుల్లో సుమారు 44 శాతం పోగొట్టుకుంది. తూర్పు అడవుల్ని కొట్టి తగలబెట్టి వరి వేసే తవి అనే పద్ధతి పెద్ద కారణం. పేదరికంలో ఉన్న రైతు కడుపు నింపుకోవడానికి చేసే పనిని ఇక్కడ కూర్చుని తిట్టడం తేలిక, కానీ ఆంగ్రేకమ్ పెరిగే పల్లపు అడవే అన్నిటికంటే ముందు పోయేదన్నది వాస్తవం. పువ్వును కాపాడటం కొంత సులువు. యూరప్ గాజు గదుల్లో క్రిస్మస్ రోజుల్లో పూస్తూ అది హాయిగా ఉంది, పుల్లతో పుప్పొడి అంటించి గింజ కట్టిస్తారు. పురుగు లేని ఆర్కిడ్ మనిషి చేతి మీద బతకడం మడగాస్కర్‌కు కొత్త కూడా కాదు. ప్రపంచానికి వనిల్లా ఎక్కువగా అందించేది ఆ దేశమే. వనిల్లా మెక్సికో నుంచి వచ్చిన ఆర్కిడ్, దాని పురుగు ఇక్కడ లేదు, కాబట్టి ప్రతి పువ్వుకూ రైతులే చేత్తో పరాగ సంపర్కం చేస్తారు. కుండీలో ఆర్కిడ్‌ను అలా నిలబెట్టొచ్చు గానీ, ఎగిరే చిమ్మటను, అది తాగే పూలను, దాని పిల్లలు తినే చెట్లను కలిపి గాజు గదిలో పెట్టడం కుదరదు.

జోస్యాల ఖాతాలో ఇంకొకటి మిగిలే ఉంది. మడగాస్కర్ మధ్య కొండల్లో ఆంగ్రేకమ్ లాంగికాల్కర్ అనే చాలా అరుదైన ఆర్కిడ్ ఉంది. దాని గొట్టం సుమారు 40 సెంటీమీటర్లు. 1991లో అమెరికా కీటక శాస్త్రవేత్త జీన్ క్రిట్‌స్కీ డార్విన్ దారిలోనే నడిచి, 38 సెంటీమీటర్ల తొండం ఉన్న చిమ్మట ఒకటి ఉండాలన్నాడు. అది ఇప్పటిదాకా దొరకలేదు. దొరికితే పత్రికలు మళ్ళీ డార్విన్ గెలిచాడని రాస్తాయి, అందులో సందేహం లేదు. కానీ సాలీడు వాదనా పోటీ వాదనా అన్న తగాదాను దాని తొండం పొడవు తీర్చలేదు. దాని దగ్గరి బంధువుల తొండాలు ఎంతున్నాయో, ఆ వంశం వయసెంతో, లాంగికాల్కర్ పూయని నెలల్లో అది ఏ పూల దగ్గర తాగుతుందో కూడా చూడాల్సి ఉంటుంది.